నూనె మానేస్తానన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన రక్తపరీక్ష కాగితం చూశాను. పరగడుపు గ్లూకోజు 98 ఉంది కనుక భయం లేదని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారని రాశావు గానీ, దాని కింది వరుసలో ఇన్సులిన్ 16 అని ఉన్న అంకెనే నేను రెండుసార్లు చదివాను. ఆ రెండింటినీ హెచ్చవేసి 405తో భాగిస్తే 3.87 వస్తుంది. హోమా అని పిలిచే ఈ లెక్కలో 2.5 దాటితే చాలామంది వైద్యులు ఇన్సులిన్ నిరోధకతను, అంటే ఇన్సులిన్ మాటను ఒళ్లు సరిగా వినకపోవడాన్ని అనుమానిస్తారు. గ్లూకోజును ఆ 98 దగ్గర నిలబెట్టడానికి నీ క్లోమం మామూలుకన్నా ఎక్కువ చాకిరీ చేస్తోందన్నమాట. వైద్యుడు ఈ మాట చెప్పగానే ఇకమీదట నూనె చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకున్నావట. ఆ ఒట్టు గురించే ఈ ఉత్తరం.

నేనూ ఒకప్పుడు అదే ఒట్టు పెట్టుకున్నవాణ్ణే. జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణై ఉండి కూడా, నా సొంత కాగితంలో అంకెలు పెరిగేసరికి కంగారుపడి, ఏడాదిపాటు కొవ్వు కనబడితే పళ్లెం పక్కకు నెట్టాను. కడుపు నిండేది కాదు. ఆ వెలితిని, అట్ట మీద ‘కొవ్వు లేనిది’ అని అచ్చేసిన బిస్కెట్లతో నింపుకున్నాను. ఏడాది తిరిగేసరికి నడుము కొలత అంగుళం కూడా తగ్గలేదు సరికదా, రక్తంలో తిరిగే కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు పెరిగి కూర్చున్నాయి. కొవ్వు తీసేశానన్న సంతోషంలో, ఆ ఖాళీలోకి ఏం వచ్చి చేరిందో చూసుకోలేదు.

నువ్వు ముందుగా పట్టించుకోవలసింది ఆ ఖాళీనే. మనుషులకు లెక్క ప్రకారం భోజనం పెట్టి చేసిన 102 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసిన పరిశీలన 2016లో వెలువడింది. రోజు మొత్తం శక్తిలో 5 శాతం మేరకు పిండిపదార్థాలు తగ్గించి, ఆ స్థానంలో వెన్న వంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వు పెడితే పరగడుపు గ్లూకోజు దాదాపు కదలలేదు. అదే స్థానంలో సోయా, పొద్దుతిరుగుడు నూనెల్లో ఎక్కువగా ఉండే పాలీ అన్‌శాచురేటెడ్ కొవ్వు పెట్టినప్పుడు మాత్రం, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 0.11 శాతం పాయింట్ల మేరకు తగ్గింది, పరగడుపు ఇన్సులిన్ కూడా కొంత తగ్గింది. సంతృప్త కొవ్వును తీసి దాన్ని పెట్టినా ఫలితం మేలువైపే మొగ్గింది. ఇవి చిన్న అంకెలే కనుక వీటి నుంచి అద్భుతాలు ఆశించకు. అయితే రోజుకు మూడు పూటలా జరిగే మార్పిడి కాబట్టి వీటిని తీసిపారేయడానికీ లేదు.

ఒక్కొక్క కొవ్వు ఒక్కొక్క తీరుగా ఎందుకు నడుచుకుంటుందో తెలిస్తే పథ్యం పాటించడం సులువవుతుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే కండరం గ్లూకోజును లోపలికి తీసుకోవాలి. కణంలో కొవ్వు కరిగించగలిగినదానికన్నా ఎక్కువ చేరినప్పుడు, డయాసిల్‌గ్లిసరాల్, సెరమైడ్ వంటి ఉపపదార్థాలు పోగుపడి, ఆ తలుపు చప్పుడు లోపలికి వినబడకుండా చేస్తాయి. సెరమైడ్ తయారీకి ముడిసరుకు పామిటిక్ ఆమ్లం. వెన్నలోనూ పామాయిల్‌లోనూ దండిగా ఉండే సంతృప్త కొవ్వు అదే. ఆలివ్ నూనెలో ప్రధానంగా ఉండే ఒలీక్ ఆమ్లం అలా కాక, ఎక్కువగా ట్రైగ్లిజరైడ్ బొట్లుగా మారి, కణంలో ఒక మూల పెద్దగా హాని చేయకుండా పడి ఉంటుంది.

కాలేయం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బరువు ఎక్కువగా ఉన్న 38 మందికి మూడు వారాలపాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా తినిపించారు. ఆ అదనం సంతృప్త కొవ్వుగా అందినవారి కాలేయంలో కొవ్వు 55 శాతం, చక్కెరలుగా అందినవారిలో 33 శాతం, అసంతృప్త కొవ్వుగా (ఆలివ్ నూనె, గింజల వంటివాటిలో ఉండేది) అందినవారిలో 15 శాతం పెరిగింది. నా బిస్కెట్ల ఏడాది ఆ 33 కిందికి వస్తుందని నవ్వుకోవచ్చు. అయితే ఆ 15 కూడా సున్నా కాదు సుమా. మంచి నూనె అయినా మితిమీరితే కాలేయానికి చేరుతుంది.

ఆ మితి ఎక్కడో చెప్పడానికి 2001 నాటి మరో ప్రయోగం ఉంది. ఆరోగ్యంగా ఉన్న 162 మందిని రెండు వర్గాలుగా విడదీసి, మూడు నెలలపాటు ఒక వర్గానికి సంతృప్త కొవ్వు, రెండో వర్గానికి మోనో అన్‌శాచురేటెడ్ కొవ్వు (ఒలీక్ ఆమ్లం ఆ జాతిదే) ఎక్కువగా ఉండే భోజనం పెట్టారు. మొదటి వర్గంలో ఇన్సులిన్ సున్నితత్వం, అంటే నిరోధకతకు సరిగ్గా ఎదురైన గుణం, 10 శాతం తగ్గింది, రెండో వర్గంలో మారలేదు. అయితే రోజు మొత్తం శక్తిలో 37 శాతం పైబడి కొవ్వు నుంచే పొందినవారిలో ఈ తేడా కనబడకుండా పోయింది. అందులోనే కొందరికి చేపనూనె ఇచ్చి చూశారు, ఇన్సులిన్ సున్నితత్వంలో తేడా రాలేదు. చేపనూనె ట్రైగ్లిజరైడ్లను తగ్గించే మాట నిజమే గానీ, నీ సమస్యకు మందుగా దాన్ని కొనకు.

ఇక నువ్వు చేయవలసిన పని. ఒక వారంపాటు వంటింట్లో నూనెను సీసా నుంచి వంచకుండా చెంచాతో కొలిచి పోయించు. ఒక్కటే చెంచా పోస్తున్నానని ఏళ్ల తరబడి నమ్మిన నేను, కొలిచిన మొదటి రోజే మూడు చెంచాలు పోస్తున్నానని తెలుసుకున్నాను. ఒక పెద్ద చెంచాడు నూనె సుమారు 14 గ్రాములు, అంటే 120 కేలరీల పైచిలుకు. సంతృప్త కొవ్వు మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 2000 కేలరీలు తినేవాడికి అది 22 గ్రాములు. పెద్ద చెంచాడు వెన్నలోనే 7 గ్రాములు పోతాయి. కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా, పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. వీటిని బహిష్కరించనక్కరలేదు, రోజువారీ స్థానం నుంచి తప్పించి ఆ చోట ఆలివ్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల్లో నీ వంటకు నప్పినదాన్ని పెట్టు, గుప్పెడు వాల్‌నట్లో బాదం పప్పులో చేర్చు.

నూనెను పాక్షికంగా హైడ్రోజనీకరించి గట్టిపరచినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు గురించి వాదన అక్కరలేదు, మానెయ్యి. ఇన్సులిన్ మీద దాని ప్రభావం గురించి ప్రయోగాలన్నీ ఒక్క మాట మీద లేకపోయినా, గుండెకు అది చేసే చేటు తిరుగులేనిది. అట్ట మీద సున్నా అని ఉన్నా పదార్థాల జాబితాలో ‘పాక్షికంగా హైడ్రోజనీకరించిన’ అన్న మాట వెతుకు. వడ్డనకు అర గ్రాముకన్నా తక్కువుంటే సున్నా అని ముద్రించుకోనిచ్చే దేశాలున్నాయి. నేను ఇప్పటికీ భూతద్దం జేబులో పెట్టుకునే దుకాణానికి వెళ్తాను, మీ అత్తయ్య నవ్వినా సరే.

నీకు వైద్యుడు మాత్రలేవైనా రాసి ఉంటే, ఈ ఉత్తరం చూసి వాటిని ఆపవద్దు. మూడు నెలలయ్యాక అదే ప్రయోగశాలలో, అలాగే పరగడుపున, గ్లూకోజుతోపాటు ఇన్సులిన్ కూడా తప్పక చూపించుకుని ఆ కాగితం నాకు పంపు. ఈసారి హెచ్చవేత, భాగహారం నువ్వే చేసి రాయి.

ఇట్లు,
మీ మామయ్య