పాంక్రియాస్‌లో సిస్టు: ఇప్పుడే తీయించాలా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. గ్యాస్, కడుపుబ్బరం అంటే హనుమకొండలో స్కానింగ్ తీయించాం. పాంక్రియాస్ (క్లోమం)లో సిస్టు (ద్రవం నిండిన తిత్తి) కనిపించింది. ఎంఆర్‌సీపీ (పాంక్రియాస్, పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్)లో 22 మిల్లీమీటర్ల బ్రాంచ్ డక్ట్ ఐపీఎంఎన్, మెయిన్ డక్ట్ (పాంక్రియాస్ ప్రధాన నాళం) 3 మిల్లీమీటర్లు, లోపల గడ్డ లేదని రాశారు. ఒక డాక్టర్ తీసేస్తే పీడ పోతుందన్నారు. ఇంకొకరు ఆరు నెలలు ఆగమన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీరు రాసిన రిపోర్టును బట్టి, ఆగమన్న డాక్టర్ మాటే నాకు సబబుగా ఉంది.

పాంక్రియాస్ నాళం పక్క కొమ్మ జిగురుతో ఉబ్బితే దాన్ని బ్రాంచ్ డక్ట్ ఐపీఎంఎన్ అంటారు. ఇది క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది కానీ తక్కువ. మెయిన్ డక్టే ఉబ్బితే ఆ భయం చాలా ఎక్కువ. అందుకే మీ రిపోర్టులో నేను 22 కన్నా ముందు ఆ 3 చూశాను.

పీడ పోతుందనే మాట గాల్‌బ్లాడర్ రాళ్లకు చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. సిస్టు తల భాగంలో ఉంటే విపుల్ ఆపరేషన్ చేయాలి. పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, గాల్‌బ్లాడర్, పిత్తనాళంలో కొంత తీసేసి, మిగిలినవి మళ్లీ పేగుకు కుడతారు. చేయి తిరిగిన సర్జన్ల దగ్గర కూడా నూటికి ఒకరిద్దరు ప్రాణాలు కోల్పోతారు. కుట్టు లీకైతే వారాల తరబడి ఆసుపత్రిలోనే. తోక భాగమైతే ఇంత పెద్దది కాదు గానీ, తరచూ ప్లీహం కూడా తీయాల్సి వస్తుంది. ఏ భాగం తీసినా కొందరికి కొత్తగా షుగర్ మొదలవుతుంది.

సిస్టు వల్ల కామెర్లు వచ్చినా, లోపల 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి, స్కాన్ మందు పట్టే గడ్డ ఉన్నా, మెయిన్ డక్ట్ 10 మిల్లీమీటర్లకు చేరినా, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకు ఆపరేషనే మంచిది. డక్ట్ 5 నుంచి 9 మధ్య ఉంటే, సిస్టు 3 సెంటీమీటర్లకు చేరితే, ఏడాదిలో రెండున్నర మిల్లీమీటర్లు పెరిగితే, కొత్తగా షుగర్ వస్తే, పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) వస్తే కత్తికి ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం పంపి దగ్గర్నుంచి చూసే స్కాన్) చేయించాలి. అమ్మగారికి వీటిలో ఏదీ లేనట్టే. షుగర్ మాత్రం ఒకసారి చూపించండి.

ఒక్క మాట అడగాలి. గతంలో వెన్నులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరారా? చేరి ఉంటే అది పాంక్రియాటైటిస్ అయి, ఇది దాని తర్వాత ద్రవం చేరి ఏర్పడే సూడోసిస్టు కావచ్చు. మా ఓపీలో గుడుంబా అలవాటున్న మగవాళ్లలో ఎక్కువగా చూసేది అదే. చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ఆరు నెలలకోసారి చొప్పున రెండుసార్లు, తేడా లేకపోతే ఆపై ఏడాదికోసారి ఎంఆర్‌సీపీ తీయించండి. వీలైతే ఒకే సెంటర్‌లో. పాత సీడీ పారేయకండి, ఎందుకంటే సెంటర్ మారితే కొలతలోనే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. ఈలోగా కళ్లు పచ్చబడినా, బరువు ఊరికే తగ్గినా ఆరు నెలలు ఆగొద్దు.

గ్యాస్ మాత్రం ఈ సిస్టు వల్ల కాకపోవచ్చు. దానికి విడిగా గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించి, ఆయన చెబితే ఎండోస్కోపీ చేయించండి.