స్పెక్యులేటివ్ కవిత్వం అంటే ఏమిటి? ఆన్‌లైన్‌లో ఎక్కడ చదవొచ్చు?

మామూలు కవితలో "అత్తకు కడుపు మండింది" అంటే అది కోపమో, బాధో. స్పెక్యులేటివ్ కవితలో నిజంగానే మండుతుంది. పమిట చెంగు కమిలిపోతుంది, ఇంట్లోవాళ్లు బిందెలతో నీళ్లు మోసుకొస్తారు. పోలికని పోలికగా వదిలేయకుండా, జరిగిన సంగతిలా పట్టుకుని ముందుకెళ్లడమే ఇందులో కిటుకు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ అన్నీ ఈ గొడుగు కిందికే వస్తాయి. రాకెట్లు ఉండి తీరాలన్న రూలేం లేదు.

ఇంగ్లీషులో చదవగలిగితే 'స్ట్రేంజ్ హొరైజన్స్'తో మొదలుపెట్టండి. 2000లో మేరీ ఆన్ మోహన్‌రాజ్ స్థాపించిన ఆన్‌లైన్ వారపత్రిక ఇది. కథలు, కవితలు, సమీక్షలు వేస్తారు. నడిపేది వాలంటీర్లు, ఖర్చులకి విరాళాలు. చదవడం ఫ్రీ, రాసినవాళ్లకి మాత్రం డబ్బులిస్తారు. తమకి పదే పదే వచ్చి విసుగెత్తించిన కథల జాబితా కూడా సైట్‌లో పెట్టారు. చివర్లో "ఇదంతా కల" అని తేలే కథ అందులో ఉంది. (నేను రాసి దాచుకున్న కథ కూడా అదే బాపతు!)

2017లో మొదలైన దీని అనుబంధ పత్రిక 'సమోవార్'లో అనువాదంతో పాటు మూలం కూడా వేస్తారు. తెలుగు నుంచి అనువదించేవాళ్లు ముందు చూడాల్సింది అదే.