సాలీడు వెల్లకిలా పడుకుంటే పారేయకండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి కుక్కలు, పిల్లులు, చిలకల ఉత్తరాలన్నీ పక్కన పెట్టేసి పేజీ మొత్తం సాలీళ్ళకే ఇచ్చేస్తున్నా. ఎందుకంటే ఇంచుమించు ఒకటే భయంతో వరసగా ఉత్తరాలొచ్చాయి, మా సాలీడు పోతోందేమో, పోయిందేమో అని. వాటిలో ఒకటి చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది, అందుకే అదే ముందు.

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో హాస్టల్లో ఉంటాడు. వెళ్తూ వెళ్తూ వాడు పెంచుకునే టారంటులాని, అంటే ఒళ్ళంతా నూగుండే పెద్ద సాలీణ్ణి, ఎర్ర మోకాళ్ళది, నాకప్పజెప్పి పోయాడు. దాన్ని చిట్టెమ్మ అని పిలుస్తాం. నెలన్నర నుంచి ఏం వేసినా తినట్లేదు. మొన్న పొద్దున లేచి చూస్తే వెల్లకిలా పడి ఉంది, కాళ్ళు పైకి. పోయిందనుకున్నా, ఏడుపొచ్చేసింది. పనమ్మాయి చెత్త బండి వచ్చింది ఇచ్చేద్దామమ్మా అంది గానీ ఎందుకో నాకు చెయ్యాడలేదు, డబ్బా మీద గుడ్డ కప్పి వదిలేశా. సాయంత్రం తీసి చూస్తే లోపల రెండున్నాయి! ఒకటి కదలట్లేదు, ఇంకోటి మెల్లగా కాలు ఆడిస్తోంది. పిల్లని పెట్టిందా? ఇప్పుడు దానికేం పెట్టాలి? - ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీకు చెయ్యాడకపోవడం వల్లే చిట్టెమ్మ బతికింది. అది చావలేదు, పిల్లనీ పెట్టలేదు, పాము విడిచినట్టే కుబుసం విడిచింది. కదలకుండా పడున్నది పాత చర్మం, కాలు ఆడిస్తున్నదే మీ చిట్టెమ్మ. నమ్మకం కుదరకపోతే ఆ కదలనిదాన్ని కొంచెం దగ్గరగా చూడండి, వీపు మీది చిప్ప డబ్బా మూతలాగా ఊడొచ్చి ఉంటుంది, లోపలంతా ఖాళీ, పొట్ట ఉండాల్సిన చోట నలిగిపోయిన ఉల్లిపొర లాంటిది ఉంటుంది. ఆ పొరని విప్పి చూస్తే లోపలివైపు నాలుగు తెల్ల మచ్చలు కనిపిస్తాయి, అవి దాని ఊపిరితిత్తుల తాలూకు పొరలు. అంటే కాళ్ళూ వీపే కాదు, కోరలు, ఊపిరితిత్తుల లోపలి పొర, ఆఖరికి కడుపు లోపలి పొర కూడా విడిచి కొత్తవి తెచ్చుకుంటుంది ఆ ప్రాణి. ఆ కుబుసం పారేయకండి, మీ అబ్బాయి కోసం దాచండి, అది ఆడదో మగదో అందులోనే తెలుస్తుంది.

నెలన్నర తినకపోవడం కూడా దీని కోసమే. కుబుసం ముందు వీటికి ఆకలి పోతుంది, పొట్ట ఉబ్బి నున్నగా మెరుస్తుంది. చిట్టెమ్మ జాతికి పొట్ట మీద నూగు రాలి బట్టతలలా కనిపించే చోటొకటి ఉంటుంది చూడండి, అది లేత రంగులోంచి నల్లగా మారుతుంది, అడుగున కొత్త నూగు రెడీ అయ్యిందన్నమాట. తర్వాత నేల మీద సన్నగా పట్టు పరుచుకుంటుంది, పరుపు వేసుకున్నట్టు, దాని మీదే వెల్లకిలా తిరుగుతుంది. పెద్ద టారంటులాల్లో చాలామటుకు అలాగే తిరుగుతాయి, కొన్ని పక్కకి ఒరిగి కూడా విడుస్తాయి.

ఇక తిండి. ఇప్పుడు కోరలు చూస్తే పాలలా తెల్లగా ఉంటాయి, లేదంటే ఎర్రబడుతూ ఉంటాయి, అంటే ఇంకా మెత్తగా ఉన్నాయి. అవి పూర్తిగా నల్లబడేదాకా ఏమీ వేయొద్దు, ఈ సైజు దానికి పది రోజులు, రెండు వారాలు ఆగినా ఏం కాదు. డబ్బాలో బతికున్న కీచురాయి గానీ బొద్దింక గానీ ఉంటే ఇప్పుడే తీసేయండి, మెత్తగా ఉన్న సాలీణ్ణి అవే కొరికి తినేస్తాయి. గిన్నెలో మంచినీళ్ళు మాత్రం నిండుగా ఉంచండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉందమ్మా. నా దగ్గరికి వచ్చిన మొదటి సాలీడు ఇలాగే వెల్లకిలా పడితే, పాపం బోర్లా పడలేకపోతోంది అనుకుని పెయింట్ బ్రష్‌తో తిప్పి నిలబెట్టా. సాయం చేశాననే అనుకున్నా. సగం బయటికొచ్చిన కాళ్ళు అలాగే వంకర్లు పోయి గట్టిపడిపోయాయి, మూడో రోజు పోయింది. ఇన్నేళ్ళైనా ఆ బ్రష్ చేతిలో పట్టుకున్నది గుర్తొస్తే నాకు ఏదోలా ఉంటుంది. ఆ తర్వాత దానిదే చెల్లెలు లాంటిదాన్ని తెచ్చుకుని, అది తిరగబడ్డ రాత్రి మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. మొదట గంటసేపు ఏమీ లేదు. తర్వాత వీపు చిప్ప అంచు ఒక పక్క పగిలింది, లోపలనుంచి తెల్లగా ఒక గీత. ఆ తర్వాత అది తోయడం మొదలుపెట్టింది, తోస్తుంది, ఆగుతుంది, మళ్ళీ తోస్తుంది, తడిసి ఒంటికంటుకున్న చొక్కా చేతుల్లోంచి లాక్కుంటాం చూడండి అచ్చం అలాగ, ఎనిమిది కాళ్ళూ ఒక్కసారే కొంచెం కొంచెంగా. మూడు గంటలు పట్టింది. చివర్లో ఆ కాలి కొసలు బయటికొచ్చినప్పుడు మోకాళ్ళ మీద నారింజ రంగు ఎంత కొత్తగా ఉందంటే అప్పుడే రంగేసినట్టుంది. చిన్న పిల్లలైతే పావుగంటలో అయిపోతుంది, పెద్దవాటికి చాలా గంటలు కూడా పట్టొచ్చు. ఎంతసేపైనా ముట్టుకోకూడదు, మీద నీళ్ళు చల్లకూడదు, ఊదకూడదు. ఒకవేళ ఒక కాలు చర్మంలో ఇరుక్కుపోయినా లాగొద్దు, అవసరమైతే అదే ఆ కాలు తెంపుకుంటుంది, తర్వాతి కుబుసాల్లో మళ్ళీ మొలుస్తుంది.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో రూం తీసుకుని ఉంటున్నా. మేలో ఊరెళ్ళి పన్నెండు రోజులకి తిరిగొచ్చా. నా టారంటులా నిలబడే ఉంది కానీ కాళ్ళన్నీ కిందికి ముడుచుకుపోయాయి, పిడికిలి బిగించినట్టు. పొట్ట చిన్నగా అయిపోయింది. ఇది కూడా కుబుసమేనా, అలా వదిలేయనా? - ఒక ఉద్యోగి

జవాబు: తమ్ముడూ వదిలేయొద్దు, ఇది కుబుసం కాదు. ఈ తేడా ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: వెల్లకిలా ఉండి కాళ్ళు పక్కలకి చాపి ఉంటే కుబుసం, నిటారుగా ఉండి కాళ్ళు కిందికి ముడుచుకుని ఉంటే ప్రాణం మీదికొచ్చింది.

ఎందుకలా ముడుచుకుంటుందంటే, మన మోచేతికి మడవడానికో కండ, చాపడానికో కండ ఉంటాయి. సాలీడు కాళ్ళకి ముఖ్యమైన కీళ్ళ దగ్గర మడిచే కండలే ఉన్నాయి, చాపేవి లేవు. కాలు చాపాలంటే ఒంట్లో ద్రవాన్ని ఒత్తిడితో కాలిలోకి నెడుతుంది, జేసీబీ చెయ్యి ఆయిల్ ప్రెషర్‌తో లేస్తుంది కదా అదే పద్ధతి. ఒంట్లో నీళ్ళు తగ్గితే ఆ ప్రెషర్ పోతుంది, మడిచే కండలే మిగులుతాయి, పిడికిలి పడుతుంది. మన ఊళ్ళో మే నెల, నలభై దాటిన ఎండ, మూసిన రూం, ఎండిపోయిన నీళ్ళ గిన్నె, ఇంకేం కావాలి.

ఇది చదివేసరికి ఆలస్యం అయి ఉంటుందేమో, అయినా ఇలాంటిది ఇంకెవరికైనా జరిగితే ఉపయోగపడుతుందని రాస్తున్నా. లోతు లేని మూత ఒకటి తీసుకుని మంచినీళ్ళు పోసి, సాలీడు ముందు భాగం మాత్రం అందులో ఆనేలా మెల్లగా పెట్టాలి. నోరు కోరల కింద, అడుగువైపు ఉంటుంది, అది నీళ్ళకి తగలాలి. పొట్ట మాత్రం బయట పొడిగా ఉండాలి, ఊపిరితిత్తులు పొట్ట కిందే ఉన్నాయి, అవి మునిగితే ఊపిరి అందదు. రూం చల్లబరిచి, చీకటి చేసి, కొన్ని గంటలు కదిలించకుండా ఉంచాలి. తడి టిష్యూ పేపర్లు పరిచి చిన్న డబ్బాలో మూసేసి ఐసీయూ అని చేస్తుంటారు, నాకది అస్సలు నచ్చదు, లోపల ఉక్క పెరగడమే తప్ప నోట్లోకి నీళ్ళు పోవు. కేవలం దాహమే కారణమైతే కాళ్ళు మెల్లగా విచ్చుకుంటాయి, నేను కళ్ళారా చూశా. ఇంకో జబ్బుంటే విచ్చుకోవు. పోయిందా లేదా అని వెంటనే తేల్చేసుకోవద్దు, ఒక రోజంతా ఆగు. నిజంగా పోయినదైతే కొన్నాళ్ళకి వాసనే చెబుతుంది.

ప్రశ్న: మూడేళ్ళుగా పెంచుతున్న సాలీడు, పోయినసారి కుబుసం తర్వాత కాళ్ళు పొడుగ్గా సన్నగా అయ్యాయి, తినదు, రాత్రంతా డబ్బాలో గోడలెక్కి తిరుగుతుంది. మళ్ళీ కుబుసమా? - సైనిక్‌పురి

జవాబు: ముఖం పక్కన ఉండే ఆ రెండు చిన్న చేతుల కొసలు చూడండి, బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్నట్టు ఉబ్బి ఉంటే మీది మగది, పెద్దవాడయ్యాడు. ఆ తిరుగుడు ఆడదాని కోసం. మగవాటికి సాధారణంగా అదే ఆఖరి కుబుసం, ఆ తర్వాత కొన్ని నెలలు, మహా అయితే ఏడాది రెండేళ్ళు. ఆడవాటిలో కొన్ని జాతులు ఇరవై ఏళ్ళు దాటి బతుకుతాయి, మగవాటికి ఆ అదృష్టం లేదు. మందేమీ లేదు. నీళ్ళు పెట్టండి, ఎత్తు మీంచి పడకుండా చూడండి, తింటే ఒకటి వేయండి, ప్రశాంతంగా ఉండనివ్వండి. మీరేదో తప్పు చేశారని మాత్రం అనుకోకండి.

ప్రశ్న: బోనాల టైంలో మా గల్లీలో డీజే, తీన్మార్ డప్పులు. అదే వారం అపార్ట్‌మెంట్లో బొద్దింకల మందు కొట్టారు. ఇప్పుడు సాలీడు వణుకుతోంది, కాళ్ళు ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఎగరేస్తోంది. డప్పులకి భయపడిందా? - సికింద్రాబాద్

జవాబు: సాలీడుకి చప్పుడు కాళ్ళ మీది నూగులోంచి అదురులాగా తెలుస్తుంది, కాబట్టి డీజే బాక్సుల అదురు దానికి ఇబ్బందే, కుబుసం మధ్యలో ఉంటే ఇంకా ఇబ్బంది, అలాంటప్పుడు డబ్బాని గోడకి, ఫ్రిజ్‌కి దూరంగా లోపలి గదిలో పెట్టాలి. కానీ ఈ వణుకు డప్పుల వల్ల కాదనిపిస్తోంది, నా అనుమానం ఆ మందు మీదే. బొద్దింకని చంపేది సాలీణ్ణీ వదలదు, రెండిటి నరాలూ ఇంచుమించు ఒకటే పద్ధతిలో పనిచేస్తాయి. స్ప్రేలు, దోమల లిక్విడ్ మెషీన్, చీమల చాక్‌పీస్ గీతలు, వీధిలోకొచ్చే దోమల పొగ, అన్నీ అంతే. వెంటనే కొత్త డబ్బాలోకి, కొత్త కోకోపీట్‌లోకి (కొబ్బరి పొట్టు) మార్చి గాలి బాగా ఆడే వేరే ఇంట్లో పెట్టండి, దగ్గర్లో నీళ్ళుంచండి. ఆ గదిలో దొరికిన బొద్దింకని తిండిగా వేసే అలవాటుంటే ఇవాళే మానేయండి. కోలుకుంటుందని మాటివ్వలేను, మందు ఎంత తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మందు కొట్టేవాళ్ళు వచ్చేరోజు ముందే తెలుసుకుని, డబ్బాని కొన్నాళ్ళపాటు తెలిసినవాళ్ళింట్లో ఉంచడం ఒక్కటే నమ్మకమైన దారి.

ప్రశ్న: నీలం రంగు గుత్తి సాలీడు తక్కువకే ఇస్తానంటున్నారు, కుబుసం దగ్గర్లో ఉందట, అందుకే కదలట్లేదట. తీసుకోనా? - ఇంటర్ విద్యార్థి, మెహదీపట్నం

జవాబు: వద్దు బాబూ. కదలట్లేదు అంటే కుబుసమో, చావుకి దగ్గరపడిందో డబ్బా బయటినుంచి చూసి నువ్వు తేల్చలేవు. పైగా కుబుసం ముందు దాన్ని బండి మీద ఊరంతా తిప్పి తీసుకురావడం కంటే హాని లేదు. అది దెబ్బకి పారిపోయే జాతి, కరిస్తే నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉండొచ్చు, మొదటి సాలీడుగా అస్సలు పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యం, అది మన సాలీడు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికిన ఒకే ఒక్కదాన్ని చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తర్వాత వందేళ్ళకి పైగా ఎవరికీ కనపడలేదు, 2001లో నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. చెట్ల తొర్రల్లో బతుకుతుంది, అంతరించిపోయే ప్రమాదం అతి ఎక్కువగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. 2019 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) నియంత్రణ ఉంది. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించాక సైటీస్ జాబితా జీవుల్ని పెంచేవాళ్ళు వాటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి కూడా. మల్కాజిగిరి అమ్మగారూ, మీ చిట్టెమ్మ జాతి కూడా ఆ జాబితాలోదే, మీ అబ్బాయిని కాగితాల సంగతి ఓసారి అడగండి. కాగితం లేకుండా చవగ్గా అమ్మేవాడి దగ్గర కొంటే, తొర్రలోంచి ఇంకోదాన్ని తీసుకొస్తాడు.

ప్రశ్న: మా బాత్రూం గోడకి పెద్ద సాలీడు ఎండిపోయి వేలాడుతోంది. నేను పెంచింది కాదు, అదే ఉండేది. రోజూ చూసేదాన్ని. ఎందుకు చచ్చిపోయింది? - ఆరో తరగతి, అంబర్‌పేట్

జవాబు: బంగారూ, ఏడవకు. గోడల మీద తిరిగే ఆ చప్పిడి సాలీళ్ళు టారంటులాల్లాగా వెల్లకిలా పడుకోవు, దారానికి వేలాడుతూ కుబుసం విడుస్తాయి. అమ్మనో నాన్ననో పిలిచి టార్చి వేసి చూడమను, వెలుతురు దాంట్లోంచి ఇటువైపుకి వచ్చిందంటే అది ఖాళీ చొక్కానే. నీ సాలీడు ఒళ్ళు గట్టిపడేదాకా ఎక్కడో దాక్కుని ఉండొచ్చు. అద్దం వెనకాల, గీజర్ వెనకాల చూడండి, ముట్టుకోకుండా.