ఆకుకూరల అమ్మకానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేము బెంగళూరు హొరమావులో ఉంటాం. మా లేఅవుట్ సంఘానికి చెందిన ఖాళీ స్థలంలో నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లం ఆకుకూరలు పండించి, శనివారాలు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అమ్ముతున్నాం. మూడు నెలలుగా నెలకు సుమారు 9,000 రూపాయలు వస్తున్నాయి. విత్తనాలు, ఎరువు, ఆటో కిరాయి పోను 5,600 మిగులుతున్నాయి. షేడ్‌నెట్ (మొక్కలకు నీడనిచ్చే వల), డ్రిప్ (బొట్టుబొట్టుగా నీరిచ్చే గొట్టాలు), పాత ఆటో కోసం నా బంగారంపై లక్ష, క్రెడిట్ కార్డుపై 80,000 తీసుకోవాలనుకుంటున్నాను. ఇంటి ఖర్చు నెలకు 38,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ 60,000 ఉంది. ఆరోగ్య బీమా మావారి కంపెనీ ఇచ్చినదే.

జవాబు: వద్దు. మిగిలిన 5,600ను నలుగురూ పంచుకుంటే మీ చేతికి వచ్చేది 1,400. కార్డులో 80,000 బాకీ ఉంచితే, నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీయే 2,800 అవుతుంది. పండించేది నాలుగిళ్లవారు, మీ వాటాకు రెట్టింపు వడ్డీ కట్టేది మాత్రం మీరొక్కరే. కార్డు బాకీ అసలు, బంగారం అప్పు మీద వడ్డీ ఇంకా లెక్కలోకి రాలేదు. మూడు నెలల గల్లాపెట్టె చూసి ఏళ్ల తరబడి వాయిదాలకు తలొగ్గేవారి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి కాబట్టే ఇంత కటువుగా రాస్తున్నాను.

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పాలకూర మడిలోనే కుళ్లిపోతుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడరాదని, వాడితే 5,000 జరిమానా అని ప్రకటించింది. అలాంటి వేసవిలో ట్యాంకరు నీళ్లు కొని పెంచిన తోటకూర కట్టను మీ అపార్ట్‌మెంటువాళ్లు ఏ ధరకు కొంటారు? కూర రాని నెలలో కూడా వాయిదా మాత్రం వస్తుంది.

అసలు లోటు తోటలో లేదు, ఇంట్లో ఉంది. మీ ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి 2,28,000 కావాలి. మీ దగ్గర ఉన్నది నెలన్నరకు సరిపోతుంది. మీవారి ఉద్యోగం పోతే జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుందన్న సంగతి చాలామందికి ఆసుపత్రి కౌంటరు దగ్గర గాని తెలియదు. అందుచేత డిపాజిట్ కదిలించకండి, మీ 1,400కు జీతంలోంచి వీలైనంత కలిపి నిధి నిండేవరకు నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, కుటుంబమంతటికీ సొంత ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. టర్మ్ పాలసీ (సంపాదించేవారు పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ తీసుకోవాలి. నగలను నిజంగా ఆపద వచ్చిన రోజుకు ఉంచండి.

తోట మానేయమని నేను అనడం లేదు. తాజా ఆకుకూరలకు జీఎస్టీ బెడద కూడా లేదు. నీరు ఆదా చేసే డ్రిప్ ఒక్కటి మాత్రం నాలుగు కుటుంబాలూ సమానంగా వేసుకున్న డబ్బుతో, ఒక్కో మడికీ విడతలుగా పెట్టుకోండి. ఆటో కిరాయిదే చాలు. షేడ్‌నెట్ విషయానికొస్తే, స్థలం ఎన్నేళ్లు మీ చేతిలో ఉంటుందో సంఘం కాగితం మీద రాసి ఇచ్చేదాకా ఒక్క ఇనుప స్తంభం కూడా పాతకండి.