కాయ లేచింది, నేను లేపలేదు

ప్రశ్న: కదిరి దగ్గర మాకు 4 ఎకరాల మెట్ట ఉంది. ఇప్పటికే రెండు బోర్లు ఫెయిలయ్యాయి. మూడో బోరుకు పాయింటు పెట్టించడానికి నాన్న అరచేతిలో కొబ్బరికాయ పట్టి నీళ్ళ జాడ చెప్పే ఆయన్ని పిలుస్తున్నారు. అది మూఢనమ్మకమని నేనంటే, "చూడకుండానే కాదంటే ఎట్లమ్మా? అన్నీ మీ సైన్సుకే తెలుసా?" అంటున్నారు. బీఎస్సీ చదువుతున్నాను గానీ ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను.
- ఒక పాఠకురాలు, శ్రీసత్యసాయి జిల్లా

జవాబు: అమ్మా, మీ నాన్నగారు అడిగింది న్యాయమైన మాట. కాబట్టి చూడాల్సిందే. ఎలా చూడాలన్నదే అసలు సంగతి.

ముప్పై ఏళ్ళు బోరు పాయింట్లు పెట్టిన మనిషిని నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి రైతు, చేను మూల పుట్ట పక్కన వేద్దామన్నాడు. నేను వినలేదు, వేరే చోట పెట్టాను. అక్కడ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆయన అప్పు చేసి పుట్ట పక్కనే వేయించుకుంటే రెండించుల నీళ్ళు పడ్డాయి. తర్వాత వెళ్ళి చూస్తే ఆ చేనుకు దిగువన నల్లరాతి డైకు, అంటే బండను చీల్చుకుని నిలువుగా పేరుకున్న రాతి పొర, అడ్డంగా పోతోంది. పైనుంచి వచ్చే ఊటను అది గోడలా ఆపుతోంది. పుట్టలు, చెట్లను బట్టి నీటి జాడ చెప్పడం వరాహమిహిరుడి ప్రాచీన గ్రంథం 'బృహత్సంహిత'లోనూ ఉంది. ఆ రైతు నేలను చదివాడు. నేను ఆయన మాట కొట్టేశాను, ఆ అప్పు వడ్డీ ఆయన కట్టాడు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ తర్వాతే కొబ్బరికాయ నేనూ పట్టాను. అరచేతిలో పడుకోబెట్టి మెల్లగా నడుస్తుంటే, ఒక చోట కాయ కదిలి నిటారుగా లేచింది. ఒళ్ళు జలదరించింది. నేను లేపలేదని ప్రమాణం చేసేవాణ్ణే. మా డ్రైవరు నా కళ్ళకు తుండు కట్టి, భుజం పట్టుకుని అదే చేలో ఇంకో దిక్కు నుంచి నడిపించాడు. కళ్ళు తెరిచి నడిచినప్పుడు మూడు చోట్ల లేచిన కాయ, గంతలతో నాలుగు చోట్ల లేచింది. ఒక్క చోటూ మొదటివాటితో కలవలేదు.

మరి లేపిందెవరు? 1853లో ఇంగ్లండులో, బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల దానంతటదే తిరిగేది. ఆత్మలన్నారు, విద్యుత్తన్నారు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఎగతాళి చేయలేదు. అట్టముక్కలు దొంతరగా పేర్చి, మధ్య మెత్తటి జిగురు పెట్టి, దాని మీద చేతులు ఉంచమన్నాడు. బల్లే ముందు కదిలితే కింది అట్ట ముందు జరగాలి, చేతులు తోస్తే పైది. పైదే జరిగింది. చేతుల కదలికను చూపించే ముల్లు ఒకటి వాళ్ళ కళ్ళెదుట పెట్టగానే బల్ల తిరగడమే ఆగిపోయింది. కూర్చున్నవాళ్ళు మోసగాళ్ళు కారు. మనసులో అనుకున్నది చేతికి పాకుతుంది, మనకు తెలియదు. అందుకే కాయ పట్టే ఆయన్ని దొంగ అనకండి.

ఆయనా ఆ ముసలి రైతులాగే నేలను చదివే మనిషి కావచ్చు. అప్పుడు పాయింటు పట్టేది కన్ను, కాయ కాదు. ఆ రెంటినీ విడదీయాలంటే గంతలే దారి. ముందు కళ్ళు తెరిచి నడవమనండి, కాయ లేచిన చోటల్లా మేకు కొట్టండి. తర్వాత గంతలు కట్టి వేరే దిక్కు నుంచి నడిపించండి. మేకుకు రెండడుగుల లోపు లేస్తేనే కలిసినట్టు. ఎన్ని కలిస్తే మీరు నమ్ముతారో, ఎన్ని తప్పితే నాన్నగారు మానుకుంటారో ముందే కాగితం మీద రాసుకోండి. ఇద్దరూ సంతకం పెట్టండి. తర్వాత రాస్తే ఎవరికి కావలసిన లెక్క వాళ్ళు చెబుతారు.

ఎటు తేలినా, బోరు లారీ రాకముందు రెసిస్టివిటీ సర్వే చేయించండి. అదీ దేవుడి మాట కాదు. నాలుగు కడ్డీలు పాతి, నేలలోకి కరెంటు పంపి, తడిసిన మెత్తబండ ఎంత లోతు ఉందో అంచనా కడతారు. మన గ్రానైటులో నీళ్ళు ఆ మెత్తటి పొరలో, దాని కింద పగుళ్ళలో నిలుస్తాయి. సర్వే చేసినా నా పాయింట్లు కొన్ని ఎండిపోయాయి. సర్వే చేసేవాళ్ళనూ అడగండి, ఈ చుట్టుపక్కల మీరు పెట్టినవాటిలో ఎన్ని పడ్డాయి, ఎన్ని పోయాయి అని. కాయ పట్టే ఆయన్నీ అదే అడగండి. పోయినవాటి లెక్క చెప్పగలిగినవాళ్ళ మాటకే నేనైతే చెవి ఒగ్గుతాను.

మేకులు ఎన్ని కలిశాయో నాకు రాయండి. అన్నీ కలిస్తే, నేనే బస్సెక్కి మీ చేనుకు వస్తాను.