మార్కుల సెక్షన్లా, కలిపి చదువులా? ప్రాథమిక బడి మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పాప మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి. క్లాసులో 34 మంది. పది పన్నెండు మంది గడగడా చదివేస్తారు, ఇంకో పది మందికి గుణింతాలే రావు. చదువొచ్చిన పిల్లల తల్లిదండ్రులు కొందరు ‘ప్రైవేటు స్కూళ్ల మాదిరి మార్కుల్ని బట్టి రెండు సెక్షన్లు చేయండి, మా పిల్లోళ్లు ఆడనే ఆగిపోతా ఉండారు’ అంటున్నారు. కూలికి పోయే ఇళ్లవాళ్లేమో ‘అట్లయితే మా బిడ్డల్ని ఓ మూల కూచోబెట్టి వదిలేస్తారు’ అని గొడవ. నేను బడి యాజమాన్య కమిటీ మెంబర్ని. మీటింగులో ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇద్దరి భయమూ నిజమేనమ్మా. వచ్చిన పాఠమే మళ్లీ వింటూ కూర్చున్న పిల్లకు విసుగొస్తుంది. రాని పిల్లలకు ఆ పాఠం చెవికెక్కదు. మీటింగులో మీరు పెట్టాల్సిన ప్రతిపాదన ఇది: సెక్షన్లు విడగొట్టొద్దు, రోజుకు ఒక్క గంట మాత్రం పిల్లల్ని విడగొట్టండి. అదీ మార్కుల్ని బట్టి కాదు, ఎవరికి ఎంతవరకు వచ్చో దాన్ని బట్టి. మిగతా పొద్దంతా అందరూ కలిసే చదవాలి.

ఎనిమిదేళ్ల పిల్ల మార్కుల్లో సగం ఆ ఇంటి సంగతే కనబడుతుంది. ఇంట్లో పుస్తకం ఉందా, సాయంత్రం పక్కన కూర్చునే మనిషి ఉన్నారా అన్నది. ఆ మార్కులతో సెక్షన్ చేస్తే రెండు నెలల్లో అది వాడల వారీ సెక్షన్ అయి కూర్చుంటుంది. పైగా కింది సెక్షన్లో పడ్డ పిల్ల దసరా నాటికి చదవడం నేర్చుకున్నా పైకి వచ్చే దారుండదు. గంట గుంపులకు ఈ జబ్బు లేదు, నెలా నెలన్నరకోసారి మార్చవచ్చు గనక.

ముందు పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచి చూడాలి. పల్లె పిల్లలకు ఎంత చదువొచ్చో చూసే అసర్ సర్వేలో వాడే మెట్లు చాలు: అక్షరం, పదం, నాలుగు వాక్యాల పేరా, ఏడెనిమిది వాక్యాల కథ. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి ఈ మెట్లతోనే గుంపులు చేయిస్తోంది. పిల్లకు ఐదు నిమిషాలనుకుంటే 34 మందికి 170 నిమిషాలు. రోజుకు ముప్పావు గంట చొప్పున నాలుగు రోజుల్లో అయిపోతుంది. అందరికీ ఒకేసారి కాగితం పరీక్ష పెడితే ఈ పని కాదు, పక్కపిల్ల పలక చూసి రాసేవాళ్లే సగం మంది ఉంటారు.

పేరా పాఠ్యపుస్తకంలోంచి తీయకండి. మొదటి పాఠం కంఠతా వచ్చిన పిల్ల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పచెప్పేస్తుంది. కొత్త పేరా ఇవ్వాలి, దానితోపాటు ‘గుమిడె’, ‘తోబిక’ లాంటి అర్థం లేని మాటలు రెండు మూడు. వాటిని సరిగ్గా పలికితే గుణింతం వచ్చినట్టు. ‘కిటికీ’ని ‘కటక’ అని చదివితే అక్షరాలొచ్చు గానీ గుడులు, కొమ్ములు కంటికి ఆనడం లేదని అర్థం. ‘పుస్తకం’ దగ్గర ‘పుస’ అని ఆగిపోతే ఒత్తుల దగ్గర చిక్కు. మూడింటికీ మందు వేరు. వాళ్లందర్నీ ‘వెనకబడినవాళ్లు’ అని ఒకే గాటన కట్టి అఆలు దిద్దించడమే బడుల్లో తరచూ జరిగే పొరపాటు.

లెక్కలకు ఒక్క తీసివేత చాలు. 52లోంచి 37 తీయమనండి. చాలామంది 25 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారన్న మాట. ఈ పిల్లలకు తీసివేత వచ్చు, పదుల స్థానమే రాలేదు. అరువు తెచ్చుకోవడం గురించి బోర్డు మీద మళ్లీ మళ్లీ చెప్పినా లాభం లేదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికివ్వండి. 37 ఇవ్వమంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. మూడు కట్టలు, ఏడు పుల్లలు పోగా చేతిలో మిగిలేవి పదిహేను. వారం రోజులు పుల్లలతో చేయించి, ఆ తర్వాతే అంకెలకు రండి.

ఇక గుంపులు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఒకే గంట కేటాయిస్తే ముగ్గురు టీచర్లు మూడు గుంపులు తీసుకోవచ్చు. అక్షరాల దగ్గరున్న ఐదో తరగతి పిల్లాడు, మూడో తరగతి పిల్లలతో కూర్చుంటాడు. ఈ పద్ధతి చెడిపోయేది ఎక్కడో కూడా చెప్పుకోవాలి. కింది గుంపును కొత్తగా వచ్చినవాళ్లకో, వాలంటీరుకో అప్పగిస్తారు. అది అనుభవమున్న అయివోరికే ఇవ్వాలి, కమిటీ ఈ ఒక్క విషయంలో పట్టుబట్టాలి. రెండోది, గుంపులకు ‘ఏ, బీ, సీ’ అనో ‘బంగారం, వెండి’ అనో పేర్లు పెట్టడం. పిల్లలకు మర్నాటికే తెలిసిపోతుంది ఎవరెక్కడో. టీచరు పేరుతో గుంపును పిలిస్తే సరిపోతుంది. మూడోది, జూన్‌లో చేసిన గుంపు ఏప్రిల్ దాకా అలాగే ఉండిపోవడం. అప్పుడది సెక్షనే.

పై గుంపును కాపీ రాతలతో వదిలేస్తే ఆ తల్లిదండ్రుల కోపం న్యాయమే. వాళ్లకు నిజంగా కష్టమైన పని ఇవ్వాలి. కథ చదివి, చివర మార్చి ఐదు వాక్యాలు సొంతంగా రాయడం. ‘జవాబు 48 వచ్చేలా మూడు లెక్కలు తయారు చేయి, ఒక్కదాంట్లోనైనా భాగహారం ఉండాలి’ అనడం. గట్టి చదువంటే వచ్చే ఏడాది పుస్తకం ఈ ఏడాదే తెరవడమని చాలామంది అనుకుంటారు. కాదు. ఉన్న పాఠంలోనే లోతుకు దిగడం.

బడికో కొలబద్ద కావాలంటే చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో తెచ్చిన నిపుణ్ భారత్ లక్ష్యాలున్నాయి. మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు అంకెలు రావాలి. ఆ 60 దగ్గర మాత్రం కాస్త చూసీ చూడనట్టు పోవాలి. ‘మాట్లాడుకుంటున్నారు’ కూడా తెలుగులో ఒక్క పదమే కదా!

ప్రశ్న: మేం ఇంట్లో అరవం మాట్లాడతాం. పక్కింటి వాళ్లది ఉర్దూ. బాబు రెండో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఇంగ్లిష్ జవాబులు అప్పజెబుతాడు, అర్థం అడిగితే చెప్పలేడు. తెలుగు రాతలో ‘బడి’ని ‘పడి’ అని రాస్తాడు. ‘తెలుగు పేజీతో టైం వేస్టు, ఇంగ్లిషే చెప్పండి’ అని కొందరు తల్లిదండ్రులు టీచరుకు చెప్పారు. అది సరైనదేనా?
— ఒక తండ్రి, గిరింపేట, చిత్తూరు

జవాబు: కాదు. మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతుల పుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్‌గా అచ్చవుతున్నది అందుకే. తెలుగు పేజీ మీద రెండు రోజులు మాట్లాడించి, విషయం తలకెక్కాక ఇంగ్లిష్ పేజీ తెరిస్తే, అక్కడ పిల్లాడు నేర్చుకోవాల్సినవి పది పన్నెండు కొత్త మాటలే. నేరుగా ఇంగ్లిష్ పేజీ తెరిస్తే విషయమూ కొత్తే, భాషా కొత్తే. అప్పుడు మీ బాబు చేస్తున్న పనే మిగులుతుంది, బట్టీ. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా బోధన వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలనే అంటుంది.

‘పడి’ తప్పు బద్ధకం వల్ల వచ్చింది కాదు. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, క, గ లకూ ఒకటే. ఇంట్లో ఆ భాష వింటూ పెరిగిన చెవికి మాట మొదట్లో ఆ తేడా తొందరగా దొరకదు. గొంతు మీద వేలు పెట్టించి పాట–బాట, కాలి–గాలి అనిపించండి. బ, గ లకు వేలి కింద అదురు తెలుస్తుంది. రోజుకు ఐదు జతలు, రెండు వారాలు. మీ పక్కింటి ఉర్దూ పిల్లలకు చిక్కు వేరే చోట, ళ దగ్గర. వాళ్లకు కల–కళ, కల్లు–కళ్ళు ఇవ్వాలి (రెండో జతకు క్లాసంతా నవ్వుతుంది, ఫర్వాలేదు, ఇక మరిచిపోరు). ఈ తప్పులకు ఎర్ర సిరాతో సున్నా పెట్టే టీచరుకు ఈ కారణం చెప్పండి. మీరు మాత్రం ఇంట్లో అరవం మానొద్దు. కథలు అరవంలోనే చెప్పండి. కథ పట్టుకోవడం, ముందేం జరుగుతుందో ఊహించడం ఏ భాషలో వచ్చినా తెలుగు చదువులోకి వస్తాయి.

ప్రశ్న: ఐదో తరగతి పిల్లలకు నవోదయ కోచింగ్ అని, బడి వదిలాక టీచరే చెప్పేటట్టు నెలకు కొంత వసూలు చేద్దామని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. కట్టలేని పిల్లల సంగతేంటి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: డబ్బు తీసుకుని ఆ టీచరు ట్యూషన్ చెప్పడం విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం కుదరదు. ముందు ఆయన్నే ఇబ్బందుల్లో పెట్టినవాళ్లవుతారు.

పైగా దీనికి వసూళ్లు అవసరమే లేదు. నవోదయలో ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం మార్కులు బొమ్మల ప్రశ్నలవి: 40 ప్రశ్నలకు 50. లెక్కలు 20 ప్రశ్నలకు 25, భాష 20కి 25. పరీక్ష తెలుగులో రాయొచ్చు, తప్పుకు మార్కు కోయరు. కాబట్టి వదిలేసిన ప్రశ్న ఉండకూడదు. బొమ్మల ప్రశ్నలు వారానికి రెండు పీరియడ్లు క్లాసు మొత్తానికీ పెట్టవచ్చు. గుంపులో చేరని బొమ్మ ఏది, విడిచిన ముక్క ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది లాంటివే అవి. అద్దం ప్రశ్నలకు చిన్న చేతి అద్దం బొమ్మ పక్కన నిలబెట్టి చూపించండి, నోటితో చెబితే తలకెక్కదు. ఇవి చేసిన పిల్లలు పరీక్ష రాయకపోయినా నష్టమేం లేదు, రేఖాగణితానికి పునాదే. చివరి నెలలో మాత్రం ఓఎంఆర్ జవాబు పత్రాల నమూనాలు జిరాక్స్ తీయించి, బాల్ పెన్నుతో గడులు నింపడం అలవాటు చేయండి. తెలిసిన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఒక వరస కిందికో పైకో జరిగిపోయి.

ఆశలు పెంచే ముందు ఇంకో మాట. జిల్లా సీట్లలో కనీసం 75 శాతం పల్లె బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా చదివినవాళ్లకే. తిరుపతి నగరపాలక సంస్థ హద్దుల్లోని బడి పిల్లలు మిగిలిన కాసిన్ని సీట్లకు పోటీపడాలి. ఇది తల్లిదండ్రులందరికీ ముందే చెప్పేయండి.

ప్రశ్న: కమిటీలో అన్నీ మాట్లాడేది నలుగురే. మిగతావాళ్లు సంతకాలు పెట్టి పోతారు. మార్చేదెట్లా?
— ఒక కమిటీ సభ్యుడు, చంద్రగిరి

జవాబు: చట్టం ప్రకారం కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లు, బలహీన వర్గాలకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటు. మన దగ్గర తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున, ఐదు తరగతుల బడికి 15 మంది తల్లిదండ్రులు ఎన్నికవుతారు. మీటింగు పొద్దున 11కు పెడితే కూలికి పోయే తల్లి రాదు. సాయంత్రం ఆరింటికి పెట్టండి. ఎజెండా మూడు రోజుల ముందే ఫోనులో గొంతుతో పంపండి, చదవలేనివాళ్లకూ అందుతుంది. తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు.

ప్రశ్న: మేం యానాదులం. ఇటుక బట్టీ పనికి పోయి ఐదు నెలలకు తిరిగొచ్చాం. మనవడికి తొమ్మిదేళ్లు. టీసీ తెమ్మంటున్నారు, లేకుంటే ఒకటో తరగతిలో వేస్తామన్నారు. కొందరు తల్లిదండ్రులు మా పిల్లలు వెనక బెంచీలో, అన్నం దగ్గర వేరే వరసలో ఉంటే మేలని అయివోరితో అన్నారంట.
— ఒక అవ్వ, శ్రీకాళహస్తి దగ్గర (రాయించి పంపినది)

జవాబు: అవ్వా, తొమ్మిదేళ్ల పిల్లాణ్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, అంటే నాలుగులో. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ అది. రాని చదువుకు బడే విడిగా శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం 5వ సెక్షన్‌కు, వయసు కాగితం లేదని తిప్పి పంపడం 14వ సెక్షన్‌కు విరుద్ధం. మళ్లీ బట్టీకి పోవాల్సి వస్తే పోయే ముందు హెడ్‌మాస్టరుకు చెప్పి, వాడికి ఎంతవరకు వచ్చిందో ఒక కాగితం మీద రాయించుకోండి. పోయినచోట బడిలో అది చూపించవచ్చు.

వేరే వరస మాట చర్చకు పెట్టేది కాదు, ఏ కమిటీ తీర్మానం చేసినా చెల్లదు. అంటరానితనం రాజ్యాంగం 17వ అధికరణంతోనే రద్దయింది. బడిలో వివక్ష జరగకుండా చూడడం ప్రభుత్వ బాధ్యతని విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. కులం పేరుతో పిల్లల్ని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఇది చదివే హెడ్‌మాస్టర్లకు ఒక మాట: ప్రతి సోమవారం బెంచీలు ఒక వరస ముందుకు జరిపే అలవాటు పెట్టండి, అన్నానికి హాజరుపట్టీ వరసలో కూర్చోబెట్టండి. ఎవరి పక్కన ఎవరన్న పంచాయితీ పుట్టదు.

అయినా ఆగకపోతే, జరిగింది తేదీతో సహా రాయించి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులోనూ, స్థానిక సంస్థ (పంచాయతీ లేదా మునిసిపాలిటీ) ఆఫీసులోనూ ఇవ్వండి. ప్రతి చోటికీ రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచండి. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి. ఆ మూడు నెలల లెక్క మొదలయ్యేది ముద్ర మీది తేదీ నుంచి.