మోకాలు మార్పించాం, ఇక ఖర్చు తీరినట్టేనా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. అమ్మకు 57 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు నెలల కిందట కుడి మోకాలు మార్పించాం. కంపెనీ గ్రూప్ పాలసీతో గడిచిపోయింది. ఇరవై ఏళ్లు ఢోకా లేదంటున్నారు. ఎఫ్‌డీలోని 4 లక్షలకు పర్సనల్ లోన్ 6 లక్షలు కలిపి హొసకోటె దగ్గర స్థలం కొందామనుకుంటున్నాను. అమ్మకు వేరే పాలసీ ఇప్పుడు దండగే కదా?

జవాబు: ఎఫ్‌డీ ముట్టుకోకండి. లోన్ జోలికి అసలే వెళ్లకండి. మోకాలి ఆపరేషన్‌ను పెళ్లిలా ఒక్కసారితో తీరిపోయే ఖర్చుగా లెక్కేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇరవై ఏళ్లన్నది అందరినీ కలిపి చెప్పే మాట. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చూడండి. 70 దాటాక చేయించుకున్నవారికి జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం 5 శాతం. 50ల మొదట్లో చేయించుకున్న మగవాళ్లకు 35, ఆ వయసు ఆడవాళ్లకు సుమారు 20. డబ్బు పరంగా అసలు భయం ఇంకో అంకెతో: 60 లోపు చేయించుకుని మళ్లీ బల్లెక్కినవారిలో సగం మందికి ఆ అవసరం 4.4 ఏళ్లలోపే వచ్చింది.

తొలి ఏళ్లలో పెద్ద కారణం ఇన్‌ఫెక్షన్. షుగర్ అదుపు తప్పితే ఆ ముప్పు పెరుగుతుంది, అధిక బరువు తోడైతే మరీ. ముదిరితే పెట్టినవన్నీ తీసేసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ స్పేసర్ (తాత్కాలిక దిమ్మ) పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, ఆ తర్వాతే కొత్తవి బిగిస్తారు. రెండు ఆపరేషన్లు, రెండు బిల్లులు. మొదట్లోనే పట్టుకుంటే లోపల కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి సరిపెట్టే వీలుంటుంది. కాబట్టి కుట్ల దగ్గర చెమ్మ కారినా, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా అదే రోజు సర్జన్‌కు చూపించండి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి.

రెండోసారి లోపల బిగించే సామాను ధర కూడా వేరే. 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టినప్పుడు మామూలు కోబాల్ట్-క్రోమియం లోహపు మోకాలికి 54,720 రూపాయలు, రివిజన్ (మళ్లీ మార్చే ఆపరేషన్) మోకాలికి 1,13,950.

గ్రూప్ పాలసీ మీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకోకపోవచ్చు. హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడగండి: కో-పే (బిల్లులో మన వాటా) ఎంత, మోకాలికి విడిగా పరిమితి ఉందా, ఈ ఏడాదికి ఎంత మిగిలింది, మానేస్తే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారవచ్చా. జవాబు మెయిల్‌లో తీసుకోండి.

అమ్మగారికి సొంత పాలసీకి ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. షుగర్, ఆపరేషన్ రెండూ ఫారంలో రాయండి. దాస్తే క్లెయిమ్ రోజున బయటపడుతుంది. ఒక సంస్థ కాదంటే ఇంకో సంస్థ. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే గడువు) 36 నెలలు మించకూడదని 2024 నుంచి నిబంధన. అయితే ఆ 36 నెలలూ పూర్తయ్యేదాకా కొత్త పాలసీ ఈ మోకాలికి పైసా ఇవ్వకపోవచ్చు. ముప్పు ఎక్కువున్న కాలమూ అదే! ఆ సందులో మీకున్నవి గ్రూప్ పాలసీ, ఆ 4 లక్షలు. అవి స్థలంలో పడి, పైన ఈఎంఐ నడుస్తుండగా బిల్లు వస్తే మిగిలేది క్రెడిట్ కార్డు, నెలకు 3 శాతం పైన వడ్డీ. ఇది ప్లానింగ్ కాదు, జూదం.

ఎఫ్‌డీ కాక ఆరు నెలల ఇంటి ఖర్చు కూడబెట్టాకే స్థలం మాట. కావాలంటే దానికో ఆర్‌డీ మొదలుపెట్టుకోండి.

ఇవాళే చేయాల్సింది ఒకటుంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ఇంప్లాంట్ స్టిక్కర్లు (కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉండేవి) ఫొటో తీసి దాచండి. రేపు రివిజన్ చేయాల్సి వస్తే ఏ భాగం ఉంచాలో, ఏది మార్చాలో సర్జన్ తేల్చుకునేది వాటిని చూసే.